కారుకు అమ్మవారు పోసింది

పెళ్ళిళ్ళలో నన్ను చూడగానే "కారు ఏడ వెట్టినవ్?" అని అడిగి పకపకా నవ్వేవాళ్ళు మా చుట్టాల్లో ఇప్పటికీ ఉన్నారు. ఎందుకు నవ్వుతారో వాళ్ళు చెప్పేలోపు నేనే చెప్పేస్తాను. ఒక్క మధ్యాహ్నం పూట, ఎవరి సాయమూ లేకుండా, నా రెండు చేతులతో మా మామ కారునీ, ఆయన పరువునీ, నా భవిష్యత్తునీ కలిపి ఎలా ముంచానో వినండి. పిల్లనిచ్చిన మామ ఉన్నవాళ్ళు కాస్త దగ్గరికి జరిగి వినండి.

ముందు నా జబ్బు గురించి చెప్పాలి. దాని పేరు అనుమానం. జగిత్యాలలో మా అవ్వ పాలు అమ్మేది. చుక్క నీళ్ళు కలపదని ఊరంతా పేరు. ఆ ఇంట్లో పెరిగిన నాకు లోకంలో రెండే జాతులు కనిపించేవి: నీళ్ళు కలిపేవాళ్ళు, కలపనివాళ్ళు. హోటలుకు పోతే చాయ్ కన్నా ముందు పాలగిన్నెలోకి తొంగిచూసేవాణ్ణి. గుళ్ళో పూజారి తీర్థం పోస్తే అది కూడా కొంచెం పలుచగా ఉన్నట్టు తోచేది.

మెట్‌పల్లిలో వ్యాపారం చేసే రాజేశం మామకు సరిగ్గా ఈ జబ్బే నచ్చింది. "పిలగాడు ఎవ్వల్నీ నమ్మడు, మిల్లు నడపనీకె గిసొంటోడే గావాలె" అని తన కూతురు సుగుణను నాకిచ్చి చేశాడు. లక్సెట్టిపేటలో ఆయనకు బియ్యం మిల్లు ఉంది. పెళ్ళై ఏడాది దాటినా అది నా చేతికి రాలేదు. అన్నం తింటున్నా నిద్రపోతున్నా నాకు ఆ మిల్లు చప్పుడే వినిపించేది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి నాలుగైదేళ్ళైన రోజులవి. ఒకనాడు మామ పిలిచాడు.

"అల్లుడా, వచ్చే సోమారం బాసరల మా పెద్దబిడ్డ కొడుక్కు అక్షరాభ్యాసం. సుట్టాలందరు వస్తరు. కారు జూస్తే రంగు ఎలిసిపోయింది. కరీంనగర్‌ల ఖాదర్ ఉస్తాద్ తాన రంగు ఏపిచ్చుకరా. గీ పని సక్కగ జేస్కొస్తే బాసర నుంచి వచ్చినంక మిల్లు నీకు అప్పజెప్త."

నాకు కారు కనిపించలేదు, మిల్లే కనిపించింది.

ఖాదర్ ఉస్తాద్ తెల్లగడ్డం మనిషి. తక్కువ మాట్లాడతాడు. తక్కువ మాట్లాడేవాళ్ళంటే నాకు అనుమానం. (ఎక్కువ మాట్లాడేవాళ్ళంటే ఇంకా అనుమానం, అది వేరే విషయం.) అందుకని అతని షెడ్డులో ఒక స్టూలు సంపాదించి, కారుకు ఎదురుగా వేసుకొని, మూడు రోజులు కన్నార్పకుండా కూర్చున్నాను. అతను పాత రంగు గీకాడు, కింది కోటు కొట్టాడు. ఏ దొంగతనమూ దొరకలేదు. దాంతో నా అనుమానం రెట్టింపైంది.

శుక్రవారం పొద్దున పైకోటుకు కొత్త డబ్బా మూత తీశాడు. లోపల నీలిరంగు మీగడలాగా చిక్కగా ఉంది. చూసి నా ప్రాణం లేచొచ్చింది. అంతలోనే ఉస్తాద్ కొంచెం రంగు వేరే మగ్గులోకి వంచి, పక్కనున్న క్యాను ఎత్తి అందులో ఏదో గుడగుడా పోశాడు.

"ఆగు! ఏం పోస్తున్నవ్?"

"తిన్నర్, అల్లుడు సాబ్."

"ఎందుకు?"

"రంగు పలుచగ గావాలె గదా."

"ఎందుకు గావాలె?"

దొంగను పట్టేశానని నా నమ్మకం. ఉస్తాద్ మాత్రం చిన్నపిల్లవాడికి చెప్పినట్టు రంగు చిమ్మే గన్ను మూతి విప్పి చూపించాడు.

"జర ఇటు సూడున్రి. మొన్న కింది కోటుకు పెద్ద ముక్కు వెట్టిన, రంగు చిక్కగుండె. గియ్యాల పైకోటుకు సన్న ముక్కు వెట్టిన. గిండ్లకెల్లి చిక్కటి రంగు రాదు. ముక్కును వట్టి రంగు, రంగును వట్టి గాలి. గంతే."

తర్వాత ఒక పుల్లను మగ్గులో ముంచి పైకెత్తాడు. రంగు తీగలా జారి, తెగి, చుక్కలైంది. అది తెగేదాకా అతని పెదవులు కదులుతూనే ఉన్నాయి. రంగు ఎంత పలుచనైందో అంకెలు లెక్కపెట్టి చూస్తున్నాడని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం నా బుర్ర వేరే దారి పట్టింది. పలుచన చేస్తే సగం డబ్బాతోనే కారు అయిపోతుంది. మిగతా సగం ఎవరి కారుకు పోతుంది? ఇలాంటివి నాకు తెలియవా?

మధ్యాహ్నం ఉస్తాద్ చేతులు తుడుచుకున్నాడు. "జుమ్మా నమాజుకు పోయొస్త. రంగు ముట్టకున్రి. నేనొచ్చినంక కొడ్త."

ముట్టకున్రి అన్నాడంటే అందులో ఏదో ఉన్నట్టే కదా! మీరైతే ఊరుకునేవాళ్ళా? ఊరుకునేవాళ్ళే. నేను ఊరుకోలేదు.

చుక్క తిన్నరు కలపని అచ్చమైన రంగును డబ్బాలోంచి గన్నులోకి నింపాను. గాలి మిషను వేశాను. బానెట్‌కు గురిపెట్టి నొక్కాను. ఏమీ రాలేదు. గన్ను గురకపెట్టింది. మళ్ళీ నొక్కితే "థూ" అని శనగగింజంత ముద్ద ఉమ్మింది. గాలి చాలలేదనుకొని చక్రం చివరిదాకా తిప్పాను. అంతే, గన్ను దగ్గడం మొదలుపెట్టింది. దగ్గిన ప్రతిసారీ బానెట్ మీద ఒక గుప్పెడు పొక్కులు లేచాయి. ఆరితే అవే అణిగిపోతాయిలే అని నాకు నేనే ధైర్యం చెప్పుకొని ఒకవైపు తలుపులకూ కొట్టాను. ఇంతలో ముక్కు మూసుకుపోయింది. పిన్నీసు పెట్టి కెలికాను. లాభం లేదు. ఉస్తాద్ వచ్చే వేళవుతోంది. నీతి సంగతి తర్వాత చూసుకుందామని క్యానులో ఉన్న తిన్నరంతా డబ్బాలో కుమ్మరించి, ముక్కును అందులోనే కడిగి, ఆ నీళ్ళలాంటి రంగుతో రెండోవైపు కొట్టాను. ఈసారి రంగు వచ్చింది. వచ్చినదల్లా తలుపుల మీంచి జారి, ధారలు కట్టి, నేలమీద మడుగైంది.

ఉస్తాద్ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అల్లుడు సాబ్, తిన్నర్ ఏడ వోయింది?"

"పోసిన."

"అంతనా?"

"అంత."

"పొద్దుగాల తిన్నర్ పోస్తె మోసమన్నట్టు సూస్తిరి గదా?"

"ముందుగాల పొయ్యలే ఉస్తాద్. తర్వాత పోసిన."

"యా అల్లా! పోనీ, ఒక్కపారి గోడ మీద కొట్టి సూసుకోవాలె గదా?"

"గోడకు కొడితే రంగు దండగ కాదా?"

ఉస్తాద్ నెత్తిమీది టోపీ తీసి నా స్టూలు మీద కూలబడ్డాడు. అంతా ఆరి, గీకి, మళ్ళీ కొట్టాలంటే నాలుగు రోజులు కావాలన్నాడు. సోమవారానికి మిగిలింది రెండే రోజులు.

ఆదివారం మెట్‌పల్లిలో మామ కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. బానెట్ మీద అరచెయ్యి పెట్టి నిమిరాడు.

"అల్లుడా, కారుకు అమ్మవారు వోసిందా?"

"నాకు ఆ ఉస్తాద్ మీద మొదటి నుంచీ అనుమానమే మామా…" అన్నాను, సిగ్గులేకుండా.

"ఖాదర్ ఇరువై ఏండ్ల సంది ఎరుక నాకు. నువ్వు ఏడాది సంది ఎరుక. ఇగ జెప్పు, ఏమైంది?"

చెప్పాను. అన్నీ చెప్పాను. పిన్నీసు సంగతి కూడా చెప్పాను.

వేరే దారిలేక ఆ కారులోనే బాసర పోయాం. గుడి దగ్గర దిగీదిగకముందే ఒక ముసలామె వచ్చి బానెట్ వైపు తేరిపార చూసింది. చెప్పులు విడిచింది. ఎక్కడినుంచి తెచ్చిందో, ఒక వేపరెమ్మ బానెట్ మీద పెట్టి, పసుపు చల్లి, "సల్లంగ సూడు తల్లీ" అని మొక్కింది. ఆమె వెనకాల ఇంకో ఇద్దరు చేతులు జోడించి నిలబడ్డారు. చుట్టాలు కడుపులు పట్టుకున్నారు. తలపాగా చుట్టుకొని నిలబడ్డ మామ మాత్రం నవ్వలేదు. ఆయన్ని చూసి నిజంగానే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అక్షరాభ్యాసం అయింది. తిరుగు ప్రయాణంలో మామ అన్నాడు.

"మిల్లు ముచ్చట జెప్త అల్లుడా."

నేను ఆయన వైపు తిరిగాను.

"తాళం సుగుణకిస్త. పొద్దుగాల నా బిడ్డ తీస్తది, మాపటికి నా బిడ్డ ఏస్తది. నడుమల నువ్వు కూసో."

"అంటే నా మీద నమ్మకం లేదా మామా?"

"ఎందుకు లేదు? ఉన్నది. జరంత పలుచగున్నది."

వెనక సీట్లో సుగుణ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ క్షణమే ప్రమాణం చేశాను. పని తెలిసినవాడు ఏది కలుపుతున్నా సరే, గిన్నెలోకి తొంగిచూడను, నోరు తెరవను. ముట్టొద్దన్నది ముట్టను. ఇప్పటిదాకా ఆ మాట ఒక్కసారి కూడా తప్పలేదని సభాముఖంగా మనవి చేస్తున్నాను. సుగుణ మాత్రం ఈ ముక్క కొట్టెయ్యమంటోంది.