నాతో మాట్లాడని రెండు జడల పిల్ల

ఆ రోజుల్లో భయపడటానికి నాకు పెద్ద కారణమేమీ అక్కర్లేదు. డిగ్రీ అవగానే అమలాపురం నుంచి హైదరాబాదు చిక్కడపల్లిలోని పిన్ని ఇంటికి వచ్చి, అశోక్‌నగర్‌లో ఒక చిన్న ప్లేస్కూల్లో టీచరుగా చేరిన మొదటి నెల. పెద్ద మేడమ్ గుమ్మం దగ్గర దగ్గితే చాలు, నా ఉద్యోగం పోయిందనుకునేదాన్ని. (ఆవిడకి సుద్దపొడి పడదని చాలాకాలానికి తెలిసింది.)

అలాంటి నాకు రెండు జడల పిల్ల దొరికింది. మూడేళ్లుంటాయి. మిగతా పిల్లలు నా చెవులు చిల్లులు పడేలా అరుస్తుంటే, ఈ పిల్ల మాత్రం నా మొహం వంకే చూస్తూ కూర్చునేది. "నీ పేరేంటమ్మా?" అంటే చూపు. "మంచినీళ్లు తాగుతావా?" అంటే అదే చూపు. వినబడదేమోనన్న అనుమానంతో ఓ మధ్యాహ్నం వెనక నిలబడి పళ్లెం మీద గరిటెతో గట్టిగా కొట్టాను. పిల్ల ఠక్కున తిరిగింది. పక్క గదిలో నిద్రపోతున్న పదకొండుమందీ లేచి ఏడుపు లంకించుకున్నారు. పెద్ద మేడమ్ ఈసారి దగ్గలేదు, నేరుగా లోపలికే వచ్చింది. "సోమవారం ఈ పాప వాళ్లమ్మ వస్తోంది. పిల్ల నెలరోజులుగా నీతో ఒక్క మాటా మాట్లాడలేదని ఆవిడకి తెలిసింది. ఏం చెప్తావో ఆలోచించుకో" అంది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

మర్నాడు అన్నాల వేళ వంటగది వైపు వెళ్తే ఎవరిదో గొంతు గలగలా వినిపించింది. "ఆయమ్మా, జర పప్పెయ్యి. గీ ఆలుగడ్డ నాకొద్దు!" చూస్తే మా రెండు జడలే!

"నీతో మాట్లాడుతుందా?" అన్నాను ఆయమ్మతో, ఏడుపు ఆపుకుంటూ.

"నోరు ఊకుంటదా టీచరమ్మా! ఇంట్ల గూడ మా లెక్కనే మాట్లాడతరు. నువ్వేమో గడగడ మాట్లాడుకుంట ఉరుకుతవ్, పోరికి ఏం సమజైతది?"

అంతే, శని ఆదివారాలు ఆ యాస సాధన మొదలుపెట్టాను. నారాయణగూడలో కూరగాయలాయన మీద ప్రయోగించాను. "అన్నా, గీ వంకాయలు ఎట్ల ఇస్తున్నవ్?" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "పానం మంచిగ లేదా అక్కా?" అన్నాడు.

సోమవారం రానే వచ్చింది. కుర్చీలో వాళ్లమ్మ, పక్కన పెద్ద మేడమ్, గుమ్మంలో ఆయమ్మ. చెమటలు పడుతున్న చేతులతో పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుని, "ఏం జేస్తున్నవ్ బిడ్డా? జర నీళ్లు తాగుతవా?" అన్నాను. పిల్ల నన్ను జాలిగా చూసింది.

"టీచర్, మీరు ఆయమ్మలాగా ఎందుకు మాట్లాడుతున్నారండీ?"

అచ్చం నా గొంతు! నా సాగదీతతో సహా! (మా వైపు అలవాటు కొద్దీ పసిపిల్లల్ని కూడా 'రండి, కూర్చోండి' అనేదాన్ని.) పిల్ల గుమ్మం వైపు తిరిగి, "ఆయమ్మా, టీచర్ పరేషాన్ అయితుంది, నీళ్లు తే" అంది.

"అరె, ఈ 'అండీ' యాడ నేర్సిందమ్మా ఇది? మా ఇంట్ల ఎవ్వలనరు!" అంటూ వాళ్లమ్మ పడీపడీ నవ్వింది. నెలంతా నా దగ్గర నోరు విప్పకుండానే ఎవరి మాట వారిదిగా విని దాచుకుందన్నమాట.

ఇప్పుడు అమలాపురం వెళ్తే నన్ను హైదరాబాదుదానివని అంటారు, ఇక్కడేమో "మీది ఆంధ్రనా?" అని అడుగుతారు. రెంటికీ తల ఊపుతాను. అప్పటి ఆ ఇరవై రెండేళ్ల అమ్మాయి పక్కన కూర్చుని "కాస్త ఓపిక పట్టవే" అని చెప్పాలనిపిస్తుంది. ఏ యాసలో చెప్పినా వినేది కాదులెండి.