ముళ్లపొదల్లో వెతికిన ఆంటీ

మా పక్కింటి ఆంటీ పోయారు. ఆ కబురు మా ఇంటికి తెచ్చింది ఇక్కడి ఎస్టేటు గేమ్‌కీపర్. పొద్దున్నే తలుపు తట్టి, ఆవిడ నిద్రలోనే వెళ్లిపోయారని నెమ్మదిగా చెప్పాడు. నేను లోపలికి వెళ్లి దేవుడి దగ్గర దీపం వెలిగించి వచ్చేసరికి, అతను ఇంకా గుమ్మంలోనే నిలబడి కళ్లు తుడుచుకుంటున్నాడు.

గేమ్‌కీపర్ అంటే ఫెజెంట్ పక్షులను పెంచి, అడవిలో వదిలి, చలికాలం వేటలు జరిపించే మనిషి. ఫెజెంట్ మన అడవికోడి లాంటిదే, పుంజుకు తోక పొడుగు. ఒక తెలుగావిడ పోతే ఆ మనిషి ఎందుకు ఏడ్చాడో మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మావారికి ఇంగ్లండులో, స్విండన్ అనే ఊళ్లో ఉద్యోగం వచ్చి, ఆ పక్కనే ఉన్న ఈ పల్లెలో ఇల్లు తీసుకున్నాం. పబ్బు, చర్చి, సర్జరీ అని పిలిచే చిన్న దవాఖానా, తక్కినదంతా పొలాలు. వచ్చిన మర్నాడు పెరట్లో బట్టలు ఆరేస్తుంటే కంచె అవతల నుంచి, "ఒసే, ఆ గులాబీల్ని తొక్కబాకే" అని వినపడింది. నా చెవుల్ని నేనే నమ్మలేదు. తొంగిచూస్తే, మోకాళ్లదాకా వెల్లింగ్టన్ బూట్లు, పాత స్వెటర్, నుదుట పెద్ద కుంకుమబొట్టు పెట్టుకున్న డెబ్బై దాటిన ఆవిడ. ఆవిడ తిడుతున్నది గోధుమరంగు స్పానియల్ కుక్కని. అది తల వంచుకుని మొక్కల్లోంచి బయటికి వచ్చింది.

ఆంటీ వాళ్లది గుంటూరు వైపు. వాళ్లాయన ఈ ఊరి సర్జరీలో డాక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన పోయాక ఆంటీ బొట్టూ గాజులూ తీయలేదు కానీ గడప దాటడం మానేశారు. అప్పుడు కీపర్ తన ఇంట్లో పుట్టిన కుక్కపిల్లను తెచ్చి ఒళ్లో పెట్టి వెళ్లాడట. తోడుగా ఉంటుందని ఆవిడ దానితో తెలుగులో మాట్లాడుతూ పెంచారు. చివరికి దానికి తెలుగు తప్ప ఇంకేమీ అర్థం కాకుండా అయింది. "వెతుకు" అంటే వెతికేది. "పట్రా" అంటే తెచ్చేది. ఇంగ్లీషులో ఎవరు పిలిచినా చెవి కూడా కదిపేది కాదు. కీపర్ నవ్వి, పోనీ ఆ తెలుగు కుక్కతోనే వేటకు రమ్మన్నాడు.

వేటంటే ఆవిడ తుపాకీ పట్టేవారని కాదు. ఊరివాళ్లు వరసగా అడవిలో నడుస్తూ, కర్రలతో చెట్లను తడుతూ పక్షులను లేపుతారు. అడవి బయట బారుగా నిలబడినవాళ్లు వాటిని కాలుస్తారు. వాళ్ల వెనక, దూరంగా, కుక్కలతో ఇంకొందరు ఉంటారు. పడినవాటిని ఏరి తేవడం, ప్రాణంతో ఉండి పొదల్లో దూరినవాటిని వెతికి బాధ లేకుండా చంపేయడం వాళ్ల పని. ఆంటీ చేసింది ఆ పని.

నేను పుట్టి బుద్ధెరిగాక గుడ్డు కూడా ముట్టలేదు. ఒకసారి ఉండబట్టలేక, ఈ పాపపు పని మీకెందుకు ఆంటీ అని అడిగాను. ఆవిడ కోప్పడలేదు.

"నేను పోకపోతే ఆ తుపాకులు ఆగుతయ్యా? ఆగవు. రెక్క విరిగి పొదలో దూరినదాన్ని రాత్రంతా నక్క కోసం వదిలేసి, ఇంటికొచ్చి టీ తాగటం నాకు చాతకాదమ్మాయ్."

ఇంకెప్పుడూ అడగలేదు. ఆవిడ శనివారాలు సంచిలో మిరపకాయ బజ్జీలు పెట్టుకుని వెళ్లేవారు. తుపాకులవాళ్లలో లండన్ నుంచి వచ్చిన ఒకాయన రెండు తిని నీళ్ల కోసం పరుగెత్తాడట. "ఆయనకి గురి లేదు. కనీసం నోరైనా పేలింది" అని చెప్పి నవ్వారు.

తర్వాతి ఏడాది ఆవిడకు మోకాలు బాగా పట్టేసింది. కార్తీకంలో ఒక శనివారం, కారులో దింపి కాస్త చెయ్యి పట్టుకుంటావా అని అడిగారు. శనివారాలు నాకు ఒంటిపూట భోజనం. సందెవేళకు దీపం పెట్టుకోవాలి. అంతకుముందే వచ్చేద్దామన్నారు. మా అమ్మాయి, "మమ్, యు డోంట్ ఈవెన్ ఈట్ ఎగ్స్!" అని వింతగా చూసింది. ఆంటీ కోసం వెళ్తున్నానని చెప్పి చీర మీదే బూట్లు తొడుక్కున్నాను.

పొలం గట్టున నిలబడగానే ఆవిడ నాకు ఒక్కటే నేర్పారు. పక్షి పడిన చోటు చూస్తే చూపు తిప్పకూడదు, ఎవరు పిలిచినా సరే. తిప్పితే పొదలన్నీ ఒక్కలాగే ఉంటాయి.

రోజంతా తుపాకులు మోగినప్పుడల్లా తల దించుకుని నామం చెప్పుకుంటూ ఉన్నాను. ఆఖరి విడతలో మాత్రం ఎందుకో తలెత్తాను. ఒక పుంజు మా మీదుగా ఎగురుతూ ఒక్కసారి ఒరిగి, వాగు అవతల పడింది. లేచింది. రెక్క ఈడ్చుకుంటూ పరుగెత్తి ముళ్లపొదలో దూరింది. ఆంటీ అప్పుడు వంగి కుక్క మెడపట్టీ సర్దుతున్నారు. ఇంకెవరూ అటు చూడలేదు.

ఊరుకుంటే బతికిపోతుందేమో అని ఒక్క క్షణం అనిపించింది. కానీ ఆ రెక్క వేలాడిన తీరు నేను చూశాను.

"ఆంటీ, అక్కడొకటి ఉంది. ప్రాణంతో ఉంది."

అప్పటికే వేట ముగిసిందని ఈల వేశారు. అందరూ టీకి వెళ్తున్నారు. కీపర్ వచ్చి, వెలుతురు పోతోంది, ఆ మోకాలుతో మీరు వాగు దాటలేరు, రేపు పొద్దున నేను వెతుకుతానులే అన్నాడు. ఆంటీ నా వైపు తిరిగి తెలుగులో అన్నారు.

"రేపటిదాకా ఓర్చుకోమని దానికెవరు చెప్తారు? నువ్వు పో అమ్మాయ్, కుక్కని తీసుకుని."

"నేనా ఆంటీ?"

"దానికి తెలుగొచ్చు. నీకూ వచ్చు. ఇంకేం కావాల?"

నా చూపు ఇంకా ఆ పొద మీదే ఉంది. చూపు తిప్పకుండానే, అడ్డంగా వేసిన చెక్క మీద కాళ్లు పెట్టి వాగు దాటాను. కుక్క నా వెంట వచ్చింది కానీ పొద ముందు ఆగి, వెనక్కి తిరిగి ఆంటీ కోసం చూసింది. నేను "వెతుకు" అన్నాను. అది కదల్లేదు.

గట్టు మీంచి ఆవిడ గొంతు వినపడింది. "దేవుడికి చెప్పుకున్నట్టు చెప్తే దానికేం వినపడుద్ది? గట్టిగా చెప్పు!"

నా గొంతు పక్క గదిలోకి కూడా వినపడదని మావారు అంటూ ఉంటారు. కళ్లు మూసుకుని, ఉన్న ఊపిరంతా పెట్టి "వెతుకు!" అని అరిచాను. కుక్క పొదలోకి దూకింది. ముళ్లు కదిలాయి, ఆగాయి, ఇంకా లోపల కదిలాయి. సందె చీకట్లు ముసురుకుంటున్నాయి. నా దీపం వేళ దాటిపోతోందని తెలుసు. స్వామి ఏమీ అనుకోడని కూడా తెలుసు.

అది బయటికి వచ్చింది. నోట్లో పుంజు, ఒక్క ఈక నలగకుండా. తెచ్చి నా చేతుల్లో పెట్టింది. అంత వెచ్చగా ఉంటుందని నేను అనుకోలేదు. దాని గుండె నా వేళ్లకు కొట్టుకుంటోంది. గుండెకు ఆనించుకుని వాగు దాటి వచ్చాను.

ఆంటీ చేతి తొడుగులు తీసేశారు. "ఇటియ్యి. నువ్వు అటు తిరుగు."

"ఒక్క నిమిషం ఆంటీ."

దాని తల దగ్గర నోరు పెట్టి గోవింద నామం చెప్పాను. ఆవిడ చేతులు చాచి అలాగే నిలబడ్డారు, తొందరపెట్టలేదు.

"అయిందా అమ్మా?"

"అయింది."

నేను అటు తిరిగాను. రెప్పపాటులో అయిపోయింది, చప్పుడు కూడా లేదు.

తర్వాత చాలా చలికాలాలు ఆవిడ వెళ్లారు, నడవగలిగినంత కాలం. నేనూ చెయ్యి పట్టుకుని వెళ్లాను. ఆంటీ ఉన్న రోజు దెబ్బతిన్న పక్షి ఒక్కటి కూడా వెనక మిగిలేది కాదని, ఆ రాత్రులు తనకు బాగా నిద్ర పట్టేదని మొన్న కీపర్ గుమ్మంలో నిలబడి చెప్పాడు. ఆవిడ పేరు వింటే ఇప్పుడు నాకు ఆ మొదటి సాయంత్రమే కళ్లలో మెదులుతుంది.

పక్షులను జంటలుగా కట్టి వేలాడదీసే బండి దగ్గరికి మేము వచ్చేసరికి అందరూ వెళ్లిపోయారు. కీపర్ ఒక్కడే టార్చి పట్టుకుని ఉన్నాడు. తక్కినవన్నీ కట్టేసి ఉన్నాయి, మాది ఒక్కటే మిగిలింది. ఆంటీ దాన్ని వెంటనే ఇవ్వలేదు. బండి అంచు మీద పడుకోబెట్టి, మెడ దగ్గర ఇరుక్కున్న ముల్లు తీశారు. తడిసిన ఈకలను అరచేత్తో తల నుంచి తోకదాకా నిమురుతూ, చెదిరినవాటిని ఒక్కొక్కటే సర్దారు. సన్నగా వాన మొదలైంది. కీపర్ టార్చి కదపకుండా పట్టుకున్నాడు. ఆ వెలుగులో రాగిరంగు ఈకలు, వాటి మీద ఆవిడ చెయ్యి, ఆ చేతికి రెండు ఆకుపచ్చ గాజులు.