గొంతు మారిందన్నా ఎవరూ వినలేదు

ఆ ఆదివారం గుణదలలో మా చర్చి క్వైర్‌లో పాడుతుంటే పై స్వరం అందలేదు. జలుబేమో అనుకున్నాను. అప్పుడు నాకు ముప్పై ఒకటి. గడ్డం మీద వెంట్రుకలు మొదలై అప్పటికి నాలుగు నెలలు. వారానికి రెండుసార్లు థ్రెడింగ్ చేయించుకున్నా ఆగడం లేదు. ఛాతీ మీద కూడా వచ్చాయి. నెలసరి ఆగిపోయింది.

మొదట చూసిన డాక్టరు తలెత్తి నా ముఖమైనా చూడలేదు.

"పీసీఓడీ అమ్మా. ఈ రోజుల్లో అందరికీ ఉండేదే. బరువు తగ్గు."

నా బరువు నలభై తొమ్మిది కిలోలు.

"గొంతు కూడా మారిందండీ."

"టెన్షన్ పడకు," అని మాత్రలు రాసిచ్చారు. పరీక్ష ఒక్కటీ రాయలేదు.

మా అత్తగారు శనగపిండిలో పసుపు కలిపి ముఖానికి పట్టించారు. పార్లర్‌ వాళ్ళు లేజర్ ప్యాకేజీ గురించి చెప్పారు. క్వైర్ ప్రాక్టీసులో ఒకాయన, "సిస్టర్ని మగాళ్ళ వరసలో నిలబెట్టండయ్యా," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అలా నవ్వినందుకు ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఇంకో మూడు నెలలకు నుదుటి పైన జుట్టు పలచబడింది. ఒకరోజు కొత్త నంబరు నుంచి ఫోన్ చేస్తే మా ఆయనే, "ఎవరు సార్?" అన్నారు. మర్నాడే బెంజ్ సర్కిల్‌లో ఉన్న ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు.

"ఇవన్నీ ఎన్నాళ్ళలో వచ్చాయమ్మా?" అని అడిగారు డాక్టరమ్మ. నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే.

"ఏడు నెలలండీ."

ఆవిడ రాయడం ఆపేశారు. "ముఖం మీద వెంట్రుకలని రోజూ ఎంతోమంది వస్తారు. ఎక్కువమందికి పీసీఓఎస్సే, పీసీఓడీ అంటారే, అదే. కొందరికి వంశంలో ఉంటుంది, కొందరికి వాడే మందుల వల్ల వస్తుంది. మామూలుగా అవి ఏళ్ళ తరబడి మెల్లగా పెరుగుతాయి. ఇంత తొందరగా, గొంతుతో సహా మారిందంటే ట్యూమర్ ఉందేమో చూడాలి."

రక్త పరీక్షలో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ మగవాళ్ళకు ఉండేంత ఉంది. స్కాన్‌లో ఎడమ ఓవరీలో గడ్డ కనిపించింది. ఆపరేషన్ చేసి ఆ ఓవరీ తీసేశారు. బయాప్సీ రిపోర్టు వచ్చేదాకా అన్నం సహించలేదు. క్యాన్సర్ కాదన్నారు. కుట్ల దగ్గర చీము పట్టి మళ్ళీ అడ్మిట్ అయ్యాను.

రెండు నెలలకు నెలసరి వచ్చింది. కొత్త వెంట్రుకలు తగ్గాయి, ఉన్నవాటికి లేజర్ చేయించుకుంటున్నాను. గొంతు మాత్రం తిరిగి రాలేదు.

"ముందే వచ్చుంటే కొంత మిగిలేదేమో," అన్నారు డాక్టరమ్మ.

ముందే వెళ్ళాను. గొంతు మారిందని నోటితో చెప్పాను. వినలేదు, అంతే.

ఇప్పుడు ఆడవాళ్ళ వరసలోనే నిలబడి కింది స్వరం పాడుతున్నాను. మీకు ముఖం మీద వెంట్రుకలు కొద్ది నెలల్లోనే దట్టమైనా, వాటితోపాటు గొంతు మారినా, ఏది ఏ నెలలో మొదలైందో కాగితం మీద రాసి డాక్టరు ముందు పెట్టండి. హార్మోన్ పరీక్ష రాయమని అడగండి. రాయకపోతే ఆ కాగితం తీసుకుని ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళండి.