ఎల్లర్‌కాంప్ ఇంటిపేరు మోసినవాడు

మా నాన్న వెస్సెల్ పిరికివాడని ఊరంతా అనేది. చిన్నప్పుడు నేనూ అనేదాన్ని. కుక్క మొరిగితే చాలు, ఆయన చేతిలో చెంచా నోటి దాకా వచ్చి ఆగిపోయేది. అలాగని చేతకానివాడు కాదు. ఎద్దు కొమ్ములు విసిరితే జంకేవాడు కాదు, పిడుగు పడి పక్కింటి కప్పు అంటుకుంటే అందరికంటే ముందు నిచ్చెన ఎక్కింది ఆయనే. గుమ్మం ముందు కొత్త అడుగుల చప్పుడు వినిపిస్తే మాత్రం గోడకు అతుక్కుపోయేవాడు. దేనికి భయమో ఇంట్లో అందరికీ తెలుసు. మా అమ్మ మొదటి మొగుడు తిరిగొస్తాడేమోనని.

ఆ మొదటి మొగుడు ఎవర్ట్ నన్ను కన్నవాడు. వెస్సెల్ నన్ను పెంచినవాడు. నేను నాన్నా అని పిలిచింది వెస్సెల్‌నే.

మా వైపు ఇంటిపేరు మనిషిది కాదు, పొలానిది. ఎల్లర్‌కాంప్ అంటే ఎల్లర్ చెట్ల మధ్య చెలక. వాగు పక్కన ఆ చెట్లు కొట్టి అక్కడ మొదట ఇల్లు కట్టినవాడి సొంత పేరేమిటో ఎవరికీ తెలియదు. ఇల్లు నిలిచింది, చెలక పేరు ఇంటికొచ్చింది, ఇంటి పేరు మనుషులకొచ్చింది. ఆడపిల్లకు పొలం వస్తే, ఇల్లరికం వచ్చినవాడు తన పేరు గుమ్మం బయట వదిలేసి ఎల్లర్‌కాంప్ అయిపోతాడు. వాడు పోయి ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆ రెండోవాడూ ఎల్లర్‌కాంపే. ఒకరితో ఒకరికి రక్తపు బొట్టు సంబంధం లేని ఎల్లర్‌కాంపులు మా చర్చి వెనక వరసగా పడుకుని ఉన్నారు. ఇందులో మాకు వింతేమీ లేదు. పొలం వదిలి పోయేవాడు పేరు కూడా వదిలి పోవాలి, అంతే.

మా అమ్మ గేషె ఆ ఇంటి వారసురాలు. నేను ఉయ్యాల్లో ఉండగా ఎవర్ట్ అందరు మగవాళ్ళలాగే గడ్డి కోతకు హాలండ్ వైపు వెళ్ళాడు. మా దగ్గర విత్తనాలు చల్లడం కాగానే పొడుగు కాడ కొడవలి భుజాన వేసుకుని, పొగబెట్టిన పంది మాంసం సంచిలో పెట్టుకుని గుంపుగా నడిచి వెళ్తారు, మా రై ధాన్యం కోతల వేళకు తిరిగొస్తారు. ఆ ఏడు ఎవర్ట్ రాలేదు. అతనితో పడవెక్కినవాళ్ళలో ల్యూబర్ట్ ఒక్కడే తిరిగొచ్చాడు. సముద్రపు పాయ దాటుతుంటే పడవ తిరగబడిందనీ, ఎవర్ట్ మునిగిపోవడం కళ్ళారా చూశాననీ చెప్పాడు. శవం దొరకలేదు. పాస్టరుగారు కొన్నేళ్ళు ఆగి, ల్యూబర్ట్ చేత ప్రమాణం చేయించి, అమ్మ మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చన్నారు. అమ్మ మా పొలంలో కూలికొచ్చే వెస్సెల్ లూకెన్‌ను చేసుకుంది.

ఇంటి యజమాని పోతే పక్కింటివాడు వెళ్ళి పశువులకూ తేనెటీగలకూ ఆ సంగతి చెప్పాలి. కొత్త యజమాని వస్తే మళ్ళీ చెప్పాలి. పెళ్ళినాడు పక్కింటి డీర్క్ తాత తేనెటీగల బుట్టల మీద వేళ్ళతో తట్టి, మీ యజమాని వెస్సెల్ ఎల్లర్‌కాంప్ అని చెప్పాడు. మర్నాడే ఒక పట్టు లేచి వాగు దాటి పోయింది. ఆ నెలలో పట్టు లేవడం మామూలే. కానీ మా నాన్నకు అప్పుడే ప్రాణం జావగారింది.

"వాటికి తెలుసే గేషే. పాతాయన బతికే ఉన్నాడు," అన్నాడట.

"వాటికి తెలిసిందల్లా నీ ఒంటి చెమట కంపు. పోయి వాగులో మునుగు, అవే తిరిగొస్తాయి," అంది అమ్మ.

అమ్మ ఎగతాళి చేసింది గానీ ఆయన భయంలో అర్థం లేకపోలేదు. ఎవర్ట్ తిరిగొస్తే ఆ పెళ్ళి పెళ్ళి కాదు. తర్వాత పుట్టిన నా తమ్ముళ్ళకు తండ్రి లేనట్టే. పొలం మీద పెత్తనమున్న దొర దివాణం వాళ్ళు ఆయన్ని కట్టుబట్టలతో వాకిట్లోకి నెడతారు. లూకెన్ల గుడిసె అప్పటికే ఆయన అన్న చేతుల్లోకి పోయింది కనుక పాత పేరుకూ చోటు లేదు. ఇవన్నీ ఒక ఎత్తు, నేను ఒక ఎత్తు. ఒకసారి బాతుల్ని తోలలేదని కేకలేస్తే, ఏడేళ్ళో ఎనిమిదేళ్ళో ఉన్న నేను "నువ్వేం మా నాన్నవి కాదుగా" అన్నాను. పిల్లలు అంటారు, పెద్దలు చెంప పగలగొడతారు. ఆయన కొట్టలేదు. మొహం సున్నం కొట్టినట్టయిపోయి, బాతుల్ని తనే తోలుకొచ్చాడు. ఆ తర్వాత నన్ను కోప్పడటానికి కూడా భయపడేవాడు. ఆ భయాన్ని వాడుకుని నేను ఎన్ని పనులు ఎగ్గొట్టానో చెప్పలేను.

నాకు పెళ్ళి సంబంధాలు వస్తున్న ఏడు, కోతల నుంచి తిరిగొచ్చిన గుంపు మా పొయ్యి చుట్టూ కూర్చుంది. మా నాన్న ఆవుల దగ్గర పని ఉన్నట్టు చీకటి మూల నిలబడ్డాడు. హార్మ్ అనే పొడుగాటి మనిషి గోధుమరంగు దోసె నములుతూ, "గేషె వదినా, ఫ్రీస్‌ల్యాండ్‌లో ఒక వింత. హాలండ్ సముద్రపు గట్టు పక్కన పాడి పెట్టుకున్నవాడి పేరు ఎవర్ట్ ఎల్లర్‌కాంప్ అట. నేను చూడలేదు, అక్కడి కూలీలు చెప్పారు," అన్నాడు.

అమ్మ పెనం పొయ్యి మీంచి దించేసింది. 

ముందు తేరుకున్నది డీర్క్ తాత. "మన ఎవర్ట్ కాదు. ఎలా అవుతాడు? బతికుండి పొలం వదిలేసినవాడైతే పేరు ఇక్కడే వదిలి పోడూ? అక్కడ కూడా ఎల్లర్ చెట్లుంటాయి, ఆ చెట్ల మధ్య ఒక చెలక ఉంటుంది. ఆ చెలకవాడెవడో."

"అంతేలే," అన్నారందరూ. ఒకే మాటతో వాళ్ళకు తృప్తి కలిగింది. వేరొకరి పొలం పేరు మోసుకుని తిరిగే మనిషి ఉంటాడని మా ఊళ్ళో ఎవరి బుర్రకూ తట్టదు. తట్టింది ఒక్క మా నాన్నకే. ఆవు పక్కన కూలబడ్డాడు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకుని లేపాను.

మరుసటి వేసవిలో ఆయన కొడవలి తీశాడు. పెళ్ళయ్యాక ఒక్కసారి కూడా కోతకు వెళ్ళని మనిషి.

"ఏమయ్యా, మన గడ్డి నీకు చాలలేదా?" అంది అమ్మ.

"ఈ భయంతో ఇంక బతకలేనే. చూసొస్తాను."

అమ్మ రొట్టె కోసి ఆయన సంచిలో పెట్టింది. "సరే వెళ్ళు. వచ్చాక ఒక్క మాట చెప్పు. రెండో మాట నేను వినను," అంది.

ఇక్కడి నుంచి చెప్పేది నేను చూసింది కాదు. బతుకు చివర్లో పొయ్యి పక్కన కూర్చుని ఆయన నాకు చెప్పింది.

దారి పొడుగునా ఆయన ఒకటే అనుకున్నాడు, పేరడిగితే పాత పేరు చెప్పాలని. వెస్సెల్ లూకెన్, వెస్సెల్ లూకెన్ అని గొణుక్కుంటూ బురద నేలలు దాటాడు, పడవెక్కి కళ్ళు మూసుకుని నీళ్ళు దాటాడు. అడిగి అడిగి ఆ పాడి ఇంటి ముందు నిలబడ్డాడు. తలుపు తీసింది ఎవర్ట్ రెండో భార్య బౌకె. ఎర్రటి చేతులు, పెద్ద గొంతు. "ఎవరు కావాలి? పేరేంటి?" అంది.

 అలవాటైన పేరే బయటికొచ్చింది. "వెస్సెల్ ఎల్లర్‌కాంప్."

ఆమె రెండు చేతులూ చెంపల మీద పెట్టుకుంది. ఆ దేశంలో ఒకే ఇంటిపేరంటే ఒకే రక్తం. కొట్టం వైపు తిరిగి గావుకేక పెట్టింది. "ఎవర్ట్, నీ తమ్ముడొచ్చాడు. ఎవరూ లేని అనాథనని ఇన్నేళ్ళూ నాకు చెప్పావు కదరా, సిగ్గు లేదూ."

పాల కుండతో ఎవర్ట్ బయటికొచ్చాడు. ఇన్నేళ్ళ తర్వాత మనిషిని పోల్చుకోలేదు గానీ, ఆ టోపీ మా ఊరిదని పోల్చుకున్నాడు. కుండ చేతిలోంచి జారి పాలన్నీ నేలపాలయ్యాయి. అప్పుడు మా నాన్నకు అర్థమైంది, వణుకుతున్నది తానొక్కడే కాదని.

బౌకె ఇద్దర్నీ బల్ల ముందు కూర్చోబెట్టి మజ్జిగ జావ పోసింది, జున్ను కోసి పెట్టింది. "ముక్కు ఒకటే, చూశారా," అంది పిల్లలతో. ఒకటి కానే కాదు. ఇద్దరూ తలొంచుకుని తిన్నారు. ఒక్క మాట నోరు జారితే ఆమె సంసారం ఈ బల్ల మీదే విరిగిపోతుందని మా నాన్నకు తెలుసు. అక్కడ ఆమెది విరిగితే ఇక్కడ మాదీ విరుగుతుంది. 

తిన్నాక సముద్రపు గట్టు చూపిస్తానని ఎవర్ట్ బయటికి తీసుకెళ్ళాడు. 

"నువ్వు గేషెని చేసుకున్నావా?" అన్నాడు ఎవర్ట్.

"చేసుకున్నాను. నువ్వు పోయావన్నారు."

"పడవ మునిగిన మాట నిజమే. కాలు విరిగి ఒడ్డుకు కొట్టుకొచ్చాను. వీళ్ళు సాకారు. మొదటి ఏడు నడవలేకపోయాను. తర్వాత నడవగలిగీ నడవలేదు. ఆ తర్వాత, ఇంత ఆలస్యంగా ఏ మొహం పెట్టుకుని వెళ్ళనని భయమేసింది. అలాగే ఉండిపోయాను."

"మరి మా పేరెందుకు పెట్టుకున్నావు? నీ పాత పేరు చెప్పాల్సింది."

"నువ్వు ఇందాక గుమ్మంలో ఏ పేరు చెప్పావు?"

మా నాన్న టోపీ తీసి చేతిలో తిప్పాడు.

"మన ఊరి కొడవలివాళ్ళు వస్తున్నారంటే గడ్డివాములో దూరతాను," అన్నాడు ఎవర్ట్. "నువ్వేం చేస్తావు?"

"ఆవుల మధ్య నిలబడతాను."

ఇద్దరికీ నవ్వొచ్చింది గానీ ఎవరూ నవ్వలేదట. పోయేటప్పుడు ఎవర్ట్ అడిగాడు. "పాప?"

"ఫెన్నె. పెద్దదైంది. నన్ను నాన్నా అంటుంది."

ఎవర్ట్ నీళ్ళ వైపు తిరిగి నిలబడ్డాడు. "అననీ తమ్ముడూ," అన్నాడు. "నేను పోయానని చెప్పు."

మా నాన్న తిరిగొచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. అమ్మ వాకిట్లోనే ఆపింది. "ఒక్క మాట," అంది.

"పోయాడు," అన్నాడు.

ఆయన అనుకున్నట్టు అమ్మ ఊపిరి పీల్చుకోలేదు. లోపలికి వెళ్ళి పెట్టెలోంచి నల్లబట్టలు తీసి కట్టుకుంది. అప్పుడు తెలిసింది, ఎవర్ట్ పోయాడని ఆమె కూడా అన్నేళ్ళూ నమ్మలేదని. ఏడాది పాటు నల్లబట్టల్లోనే ఉంది. బతికున్నవాడి కోసం ఆమె ఏడుస్తుంటే, ఎదురుగా కూర్చుని ఆయన కళ్ళు దించుకునేవాడు. ఏడుపు మాన్పించే మాట ఆయన దగ్గరుంది, అదే చెప్పకూడని మాట.

నేనింకా అన్యాయం చేశాను. "సమాధి ఎక్కడ? నన్నొకసారి తీసుకెళ్ళు," అన్నాను. గట్టు కింద ఉందన్నాడు. ఒక ఏడు జ్వరాలన్నాడు, ఒక ఏడు దారిలో సిపాయిలున్నారన్నాడు. చివరికి గట్టు తెగి సమాధులన్నీ సముద్రంలో కలిసిపోయాయన్నాడు. చెప్తున్నప్పుడు ఆయన పెదవులు వణకడం చూసి, పాపం నాకోసం బాధపడుతున్నాడనుకున్నాను. వెళ్ళక ముందు భయపడిన దానికంటే వచ్చాకే ఎక్కువ భయపడ్డాడు. ముందు ఎవడో వస్తాడని భయం. ఇప్పుడు తన నోటి నుంచే ఏదో జారుతుందని. నిద్రలో మాట్లాడతానేమోనని వేరే కొట్టంలో పడుకోవడం మొదలుపెట్టాడు. దగ్గొస్తోంది, అందుకే అన్నాడు. ఆ దగ్గు మాకెవరికీ వినపడలేదు.

అమ్మ పోయింది. పెద్దబిడ్డను కనుక పొలం నాకొచ్చింది. నా మొగుడూ తన పేరు గుమ్మం బయట వదిలొచ్చినవాడే. నాన్న ముసలివాడై, ఎండలో బల్ల మీద కూర్చుని గడ్డి లాగే దంతెలకు చెక్క పళ్ళు చెక్కుతూ ఉండేవాడు.

కోతల గుంపు తిరిగొచ్చే వేళ అది. ఈసారి వాళ్ళ వెంట కొత్తవాడొకడు మా వాకిట్లోకొచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. నేను మజ్జిగ చెంబుతో గుమ్మంలో ఉన్నాను.

"వెస్సెల్ బాబాయ్ ఇల్లు ఇదేనా?" అన్నాడు హాలండ్ వైపు యాసలో. "నేను యెల్లెని. ఎవర్ట్ ఎల్లర్‌కాంప్ కొడుకుని. మా నాన్న ఈ ఈస్టర్‌కి పోయాడు. 'నా తమ్ముడికి నువ్వే వెళ్ళి చెప్పరా' అన్నాడు."

మజ్జిగ నా కాళ్ళ మీద ఒలికింది. ఈ ఈస్టర్‌కి. అంటే మొన్నటిదాకా బతికే ఉన్నాడు. నా పెళ్ళినాటికి ఉన్నాడు, నా బిడ్డలు పుట్టిననాటికి ఉన్నాడు, అమ్మ నల్లబట్టలు కట్టుకున్న ఏడాదంతా ఉన్నాడు. లేని సమాధి కోసం నేను ఏడ్చాను. నాకు ఒళ్ళు మండిపోయింది. చెంబు విసిరేద్దామన్నంత కోపమొచ్చింది.

అప్పుడు నాన్న వైపు చూశాను. కత్తి కింద పడిపోయింది. లేవబోయి లేవలేక బల్ల అంచు పట్టుకున్నాడు. గుమ్మం దగ్గర కొత్త అడుగులు పడ్డాయి, కానీ ఆయన ఆ మనిషిని చూడటం లేదు. నన్ను చూస్తున్నాడు. నా నోటి వైపే చూస్తున్నాడు. ఇప్పుడు ఆ నోరు తనను ఏమని పిలుస్తుందోనని. అంత భయం నేను ఏ మనిషి మొహంలోనూ, చంపడానికి కట్టేసిన ఏ పశువు కళ్ళలోనూ చూడలేదు.

అడగాల్సినవి చాలా ఉన్నాయి. చలికాలం ముందుంది, అడగొచ్చు.

"నాన్నా, కాస్త పక్కకు జరుగు," అన్నాను. "తమ్ముడు కూర్చుంటాడు."