నా ఫైర్‌వాల్‌కి నాన్న శ్రీకారం

నిన్న మా నెట్ సెంటర్లో పన్నెండు సిస్టమ్‌లూ ఒక్క దెబ్బకి ఆపేసిన మహానుభావుణ్ణి నేనేనండి. ఇంకా ఉద్యోగం ఉంది చూడండి, అదీ వింత!

డిగ్రీ మధ్యలో మానేసి రాజమండ్రిలో రాంబాబు గారి నెట్ సెంటర్లో చేరానండి. వైరస్‌లూ చెత్త సైట్‌లూ రాకుండా సొంతంగా ఫైర్‌వాల్ రాశా. ఏది రానివ్వాలో, ఏది ఆపాలో అంతా ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ఉంటుంది. మొన్న టెస్ట్ చేస్తే బ్రహ్మాండంగా నడిచింది. నిన్న అన్ని సిస్టమ్‌లకీ పెట్టబోతుంటే, నిడదవోలు నుంచి నాన్న దిగాడు!

"నువ్వు వెలగబెడుతున్నదేంటో చూపించరా. బాగుంటే సరే. లేదంటే బ్యాగు సర్దు, మన ఎరువుల కొట్లో కూర్చుందువుగాని."

ఫైలు తెరిచా. కళ్లజోడు సర్దుకుని చూసి, "పైన శ్రీ ఏదిరా?" అన్నాడు. సరుకుల చీటీకి కూడా శ్రీ వేసే మనిషండి! కామెంట్‌గా, అంటే మనుషులు చదువుకునే నోట్‌గా పెడితే ప్రోగ్రాం పట్టించుకోదు కదా అని, అన్నిటికంటే పైన శ్రీ కొట్టి స్టార్ట్ చేశా.

అంతే! నెట్ మొత్తం కట్!

"బాబూ, కువైట్‌లో మా చెల్లి నోరు తెరిచి అలాగే ఉండిపోయిందండి!" అని వీడియో కాల్‌లో ఉన్న ఒకావిడ గోల.

"ఏమయ్యా, ఆపమన్నది వైరస్‌నా, జనాన్నా?" రాంబాబు గారు.

ఫైలు చదవలేకపోతే అన్నీ ఆపెయ్యమని ఫైర్‌వాల్లో రాసిన తెలివైనోణ్ణి నేనే మరి!

రెండో లైన్లో తప్పుందంటోంది ప్రోగ్రాం. అది 'ఇది ఎక్స్‌ఎంఎల్ ఫైలు' అని చెప్పే లైను, అన్ని ఫైళ్లలోనూ అదే ఉంటుంది. మూడుసార్లు చెరిపి మళ్లీ కొట్టా. ఊహూఁ! నాన్న గడియారం చూసి, "సాయంత్రం ప్యాసింజరుందిరా" అన్నాడు.

అప్పుడు వెలిగిందండి. మొన్నటిదాకా అది మొదటి లైను! దాని పైన ఇంకేదీ ఉండకూడదు, కామెంటైనా సరే. శ్రీని ఒక్క లైను కిందకి దించా. పన్నెండూ లేచి కూర్చున్నాయి! కువైట్ చెల్లి నోరు మూసింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఏం చేశావురా?"

"శ్రీని కిందకి జరిపా నాన్నా. ఈ ఫైల్లో అన్నిటికంటే ముందు దాని పేరే ఉండాలంట."

నాన్న కాసేపు స్క్రీన్‌నీ, నన్నూ మార్చి మార్చి చూశాడు.

"దీనికి దేవుడన్నా లెక్కలేదు, నీకు పెద్దోళ్లన్నా లెక్కలేదు. సరైన జోడీ దొరికిందిరా నీకు. ఇక్కడే ఉండు."