నాలుగు మడతల చీటీ

ఆళ్లగడ్డలో నా క్లినిక్ కిటికీలోంచి ఎప్పుడూ రాళ్లు చెక్కే ఉలి చప్పుడు వినబడేది. మధ్యాహ్నాలు ఆ చప్పుడుకి కళ్లు వాటంతటవే మూతలు పడేవి. ఇప్పటికీ ఆ రోజులు తలచుకుంటే సగం నిద్రలో ఉన్నట్టే ఉంటుంది.

తొంభైలలో రోగిని నంద్యాలకి పంపాలంటే చీటీ రాసి, నాలుగు మడతలు పెట్టి చేతికిచ్చేవాణ్ణి. అక్కడి గుండె డాక్టరు ఆ మడతలు చూడగానే నా రోగి అని లోపలికి పిలిచేవాడు. రెండువేల తర్వాత ఆయన కుర్చీలోకి ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. వస్తూనే తన దగ్గరా, నా క్లినిక్‌లోనూ కంప్యూటరు పెట్టించాడు.

“నీ రాత ఎవురు చదువుతారన్నా? కంప్యూటర్లో పేరెక్కియ్, టైము పడ్తాది. మిగతాది నేను చూసుకుంటా,” అన్నాడు ఫోన్లో.

ఒళ్లు మండింది గానీ, నిజమే, నా రాత ఒక్కోసారి నాకే అర్థమయ్యేది కాదు. మొదటిసారి టైము ఖాయమై తెరమీద పేరు పచ్చగా వెలిగితే చిన్నపిల్లాడిలా మురిసిపోయాను కూడా.

ఆ పేరు నల్లమల అడవి నుంచి వచ్చిన ఒక అవ్వది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. గుండె కవాటం పాడైందని నా అనుమానం, ఆలస్యమైతే దక్కదని భయం.

“రేపు పొద్దున పదికి నంద్యాలకి పో అవ్వా. అంతా రాసేసినా,” అన్నాను. అవ్వ తలూపింది.

మర్నాడు మధ్యాహ్నం కుర్ర డాక్టరు ఫోన్ చేశాడు. “అన్నా, నువ్వు పంపిన అవ్వ రాల్యా.”

ఇంత చేస్తే పోనే పోలేదా అని విసుక్కుంటూ వరండాలోకి వచ్చాను. అవ్వ అక్కడే గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి.

“పోలేదేందవ్వా? ఈడ ఏం చేస్తాండావ్?”

“పొద్దున్నించీ చీటీ కోసరం చూస్తాండా నాయనా. ఉత్త చేతుల్తో పోతే ఆడ నన్నెవురు చూస్తారు?”

సిగ్గుతో చచ్చిపోయాను. కంప్యూటరుకి చెప్పాను, కుర్ర డాక్టరుకి చెప్పాను. చీటీ అక్కర్లేదని అవ్వకే చెప్పలేదు. గబగబా చీటీ రాసి, నాలుగు మడతలు పెట్టిచ్చి, జీపెక్కించి, నంద్యాలకి ఫోన్ చేశాను. ఆ మధ్యాహ్నమంతా ఉలి చప్పుడు వింటూ, జీపు ఎక్కడిదాకా పోయి ఉంటుందో అనుకుంటూ కూర్చున్నాను. ఎవరికేం మందు రాశానో గుర్తులేదు.

నెల తర్వాత అవ్వ తనంతట తాను నడుచుకుంటూ వచ్చింది.

“చీటీ చూసి ఆ డాక్టరు ఏమన్యాడవ్వా?”

“ఎవురూ అడగల్యా నాయనా. పోంగానే పేరు పెట్టి పిలిచినారు.”

కొంగు ముడి విప్పి చూపించింది. నాలుగు మడతలూ అట్లాగే ఉన్నాయి.

“ఇంకెందుకు, పారెయ్యవ్వా.”

“అట్ల అనగాకు నాయనా. దోవ పొడుగునా దీన్ని పట్టుకోనే ఊపిరి తీసుకున్యా,” అంటూ మళ్లీ ముడేసుకుంది.