జోహరాబీ గంజి

మా పక్కింటి జోహరాబీ అంత రోషగత్తెను ఈ తీరంలో నేను చూడలేదు.

చీరాలకు దిగువన, సముద్రం ఒడ్డున మా ఊరు. ఊరి బావి నీళ్ళు ఉప్పన, వంటకే గాని గొంతు దిగవు. తాగే నీళ్ళకు పొలాలకడ్డంపడి పక్కూరు పోవాల్సిందే. మిరపకోతలకు పోతూ కూడా ఆ బిందె ఏళ్ళ తరబడి జోహరాబీయే మోసింది. మోకాళ్ళు అరిగాక అది కోడలు కరీమున్ నెత్తికెక్కింది. ఆ పిల్లకు రెండుసార్లు కడుపు నిలవలేదు. మళ్ళీ నెల తప్పేసరికి ముసలమ్మకు బిందెను చూస్తేనే భయం పట్టుకుంది.

ఎనభై ఏడు ఎండాకాలంలో సర్కారువాళ్ళు ఒడ్డున యంత్రం పెట్టారు. సముద్రపు నీటిని పంపు బలంగా తోస్తే, పల్చటి పొరలోంచి నీరు మాత్రం అవతలికి దూరుతుందట. ఉప్పంతా ఇవతలే ఆగి, మిగిలిన నీళ్ళతో మళ్ళీ సముద్రంలోకే పోతుందట. "పొరలో ఉప్పు ఆగుతుందా, చోద్యం కాకపోతే!" అన్నాను. యంత్రం నడిపే మీరా హుస్సేన్ గ్లాసుడు పట్టిస్తే గటగటా తాగేశాను, ఉప్పు జాడే లేదు.

మసీదు పెద్ద అలీ సాహెబ్ మాత్రం, "ఆ నీళ్ళలో జీవం లేదు, ముట్టొద్దు" అన్నాడు. ఆయన వద్దంటే ఊరు వద్దన్నట్టే. జోహరాబీకి ఒళ్ళు మండింది. రంజాన్ ఉపవాసం విడిచేటప్పుడు మసీదులో పోసే గంజి ఏటా ఆమే కాస్తుంది.

"ఈసారి యంత్రం నీళ్ళతోనే కాస్తానండీ. బాగుంటే ఊరంతా ఆ నీళ్ళే తాగాలి. బాగోకపోతే మళ్ళీ ఆ మాటెత్తను" అంది. ఆయన సరేనన్నాడు.

ఉపవాసంలో రుచి చూడదు కదా, చెయ్యే కొలత. మా బావి నీళ్ళలో చచ్చినా ఉడకని గంజిలో పప్పు వెన్నలా అయ్యేసరికి మురిసిపోయింది. నేను చర్చికి పోయేదాన్ని, నాకు ఉపవాసం లేదు. పక్కనే కూర్చున్నా. "కాస్త చూడవే వీరమ్మా" అనొచ్చుగా! అనదు. చెప్పానుగా, రోషం.

సాయంత్రం మసీదు అరుగు మీద అలీ సాహెబ్ ఒక్క గుక్క తాగి గిన్నె కింద పెట్టాడు.

"చెప్పానా? చప్పిడి! జీవం చచ్చిన నీళ్ళు."

జోహరాబీ మొహాన నెత్తురు చుక్క లేదు. నేను ఆగలేక గరిటెడు నోట్లో పోసుకున్నాను. ఓరి దేవుడా!

"ఉప్పేదీ వదినా?"

"వేశాగా! ఎప్పుడూ వేసేదే, చిటికెడు."

"ఎప్పుడూ మిగతాది మన బావి వేసేది తల్లీ!"

మసీదు అరుగంతా నవ్వులు. దోసెడు ఉప్పు తెచ్చి కలిపాం. అలీ సాహెబ్ అనుమానంగా చప్పరించాడు, తాగాడు, ఇంకో గిన్నె అడిగాడు. "రేపూ ఈ నీళ్ళతోనే కాయమ్మా" అన్నాడు, మా వంక చూడకుండా.

అమ్మయ్య! నాకే ప్రాణం లేచొచ్చింది. జోహరాబీ మాత్రం ఆయన్ని పట్టించుకోలేదు. పక్కనే నిలబడ్డ కోడలి చెయ్యి పట్టుకుంది.

"పొద్దున బిందె తియ్యమాకు. పడుకో" అంది.

కరీమున్ అత్త భుజం మీద తలపెట్టి బావురుమంది.